ఉతికిన గాజుగుడ్డ

తొమ్మిది మంది మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఊదిన నోరది. పదో మనిషి ఆమె కూతురు. పదకొండో మనిషిగా ఆమె వంగేసరికి రబ్బరు బొమ్మ పెదాల మీద తడి ఇంకా మెరుస్తూనే ఉంది.

"తుడుచుకో పిన్నీ, మొహమాటపడకు," అంటూ, ముఠాలో అందరూ పొడుగు అని పిలిచేవాడు కట్లు కట్టే గాజుగుడ్డ ముక్క ఒకటి అందించాడు. మర రంపం పట్టడంలో వాడంతటివాడు లేడు గానీ, నోట్లో పొగాకు లేని క్షణం ఉండదు వాడికి. గుడ్డ అంచున గోధుమరంగు మరక ఒకటి కనబడింది.

"అయ్యో, ఇది నువ్వు తుడిచిందేనా?"

"నేనొక్కణ్ణే ఏంటి, అందరం తుడిచిందే. నీ వల్ల బొమ్మకి జలుబు చేస్తుందని భయమా?"

షెడ్డంతా నవ్వింది. ఏ మాట విన్నా ముందు 'అయ్యో' అని గానీ తరువాతి మాట మాట్లాడదని ముఠాలో ఆమెకు అయ్యోపిన్ని అని పేరు. ఆ పేరు పెట్టింది కూడా పొడుగే. ఆమె ముక్కు బిగబట్టి, కళ్ళు మూసుకుని ఊదింది. బొమ్మ ఛాతీ లేచింది. పక్కకు తిరిగి కొంగుతో మూతి గట్టిగా, మంట పుట్టేదాకా తుడుచుకుంది.

"చూశారా, ఒక్క ఊపిరికే లేచింది. మీరంతా బెలూన్లు ఊదినట్టు ఊదారు," అంది నర్సమ్మ. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేసి, ఇప్పుడు కొండల్లో పనిచేసేవాళ్ళకు ప్రథమ చికిత్స నేర్పుతూ తిరిగే మనిషి ఆవిడ. నేల మీద పరిచిన పరదా మీద అందరితోపాటు మోకాళ్ళ మీద కూర్చుంది. చుట్టూ గోడలకు వేలాడదీసిన రంపాలు, గాలి నిండా పెట్రోలు వాసన.

ముఠా పని కొండల్లో కరెంటు తీగల కింద పెరిగిన చెట్లు కొట్టడం. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఆరు గంటలు నడిస్తే గానీ పని చోటు రాదు. ఈ ఏడు తీగల కంపెనీ కొత్త నియమం పెట్టింది. ముఠాలో ప్రతి మనిషీ రెండు రోజులు ప్రథమ చికిత్స నేర్చుకోవాలి, వెంట సీలు వేసిన మందుల పెట్టె ఉండాలి. వంటమనిషికి ఇవన్నీ ఎందుకని మేస్త్రీ గొణిగాడు. ఎప్పుడూ డేరా దగ్గర ఉండేది ఆవిడే కదా, ముందు నేర్చుకోవలసింది ఆవిడే అంది నర్సమ్మ. అలా ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

వచ్చి కూర్చున్నదే గానీ ఆమెకు భయం తగ్గలేదు, పెరిగింది. పాము, పిడుగు, తేనెటీగలు, విరిగిన ఎముక చర్మం చీల్చుకుని బయటకు రావడం. నర్సమ్మ ఒక్కొక్కటి చెబుతుంటే ఆమె ఒక్కొక్కటి కూతురి ఒంటి మీద పెట్టి చూసుకుంది. కూతురికి ఇరవై రెండేళ్ళు. మూడేళ్ళుగా కొట్టిన కొమ్మలు లాగే పని చేస్తోంది. ఈసారి చిన్న రంపం నీ చేతికిస్తానని మేస్త్రీ మాటిచ్చాడు. అప్పటి నుంచీ ఆ పిల్ల కళ్ళు గోడకు చివరన వేలాడే ఆ రంపం మీదే ఉన్నాయి. నర్సమ్మ విరిగిన ఎముక గురించి చెబుతున్నప్పుడు కూడా.

మధ్యాహ్నం కట్లు కట్టడం. నర్సమ్మ గంజినీళ్ళలో ఎర్ర సిరా కలిపి రక్తం చేసింది. మేస్త్రీ అట్టపెట్టెలోంచి గాజుగుడ్డ ప్యాకెట్లు తెచ్చి పంచాడు.

"ఇవి నేర్చుకోవడానికని విడిగా తెచ్చినవేనా మేస్త్రీగారూ?" అని అడిగింది నర్సమ్మ.

"విడివే విడివే. ఒరేయ్, చింపకండి! అంచు దగ్గర నెమ్మదిగా విప్పండి."

"రక్తం కారుతుంటే అంచులు చూసుకుంటూ కూర్చుంటారా? పర్రున చింపండి," అంది నర్సమ్మ.

ఎవరికి తోచినట్టు వాళ్ళు విప్పారు. ఆమె మాత్రం మేస్త్రీ చెప్పినట్టే గోరుతో అంచు లేపి, కాగితం చిరగకుండా విప్పింది. కట్టడానికి ఆమె వంతుకు పొడుగుగాడి కాలు వచ్చింది. పొద్దుటి నుంచీ బూటులో ఉడికిన కాలు. మేజోడు తీయగానే పక్కనున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని పొరలుగా లేచి ఉంది.

"అయ్యో, కాళ్ళు కడుక్కోవా నువ్వు?"

"పెళ్ళిచూపులకనుకున్నావా పిన్నీ? కట్టు కట్టడానికే కదా."

ఎర్రనీళ్ళు పోసి, గాజుగుడ్డ అదిమి, మడమ చుట్టూ తిప్పి కట్టింది. విప్పి మళ్ళీ కట్టింది. సాయంత్రానికి పరదా మీద ఇరవై రెండు గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. ఎరుపు, మట్టి, చెమట, పొగాకు ఉమ్మి. బొమ్మ నోరు తుడిచినవీ అందులోనే. నర్సమ్మ బస్సుకు టైమవుతోందని సంచి సర్దుకుంటూ, "వీటన్నిటినీ పారేయించండి మేస్త్రీగారూ," అంది.

బస్సు మలుపు తిరిగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు మేస్త్రీ. తరువాత ఒక బేసిను తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పిన్నీ, వీటిని ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ ఆ కాగితాల్లోనే పెట్టేయ్. చిరిగినచోట కాస్త అంటించు. ఇలాంటి పని నీ చేతికొచ్చినట్టు ఎవరికీ రాదు."

"పారేయమంది కదండీ ఆవిడ?"

"ఆవిడకేం, పారేయమంటుంది. బంగారం లాంటి గుడ్డ."

ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. వంటింట్లో పుట్టి పెరిగిన చెయ్యి, గుడ్డ పారేయడం చేతకాదు దానికి. పైగా మెచ్చుకున్నాడు. రెండు సబ్బునీళ్ళు మార్చి ఉతికింది. మురికి పోయింది గానీ ఎర్ర సిరా పూర్తిగా వదలలేదు. పెదవి లోపలి రంగులా లేత గులాబీ రంగు మిగిలింది. ఆరబెట్టి, ఇస్త్రీపెట్టె బాగా కాలనిచ్చి, ముడత లేకుండా రుద్దింది. విప్పని ప్యాకెట్టొకటి పక్కన పెట్టుకుని దాన్ని చూసి అదే కొలతకు, ఎనిమిది మడతలు వేసింది. మైదాపిండి ఉడికించి, చిటికెనవేలితో అంచులకు రాసి, బోర్లించిన పళ్ళెం కింద ఉంచి, పైన బరువు పెట్టి ఆరనిచ్చింది. ఇరవై రెండూ పూర్తయ్యేసరికి నడుం పట్టేసింది.

కూతురు వచ్చి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్తవాటికన్నా నీవే కొత్తగా ఉన్నాయే అమ్మా," అంది. ఆమె సిగ్గుపడి నవ్వింది.

*

రెండో రోజు పొద్దున్న నర్సమ్మ వస్తూనే ఒక విప్పని ప్యాకెట్టు చేతిలో పట్టుకుంది.

"నిన్న రక్తం ఆపడం నేర్చుకున్నారు. చేతిలో ఏదీ లేకపోతే చొక్కా చింపి అయినా అదమండి, ముందు ప్రాణం. అంతవరకూ బాగుంది. కానీ మీకు రోడ్డు ఆరు గంటల దూరం. వాన పడితే ఒక రోజు, రెండు రోజులు. రక్తం ఆగాక మీ అసలు శత్రువు చీము. అందుకే గాయం మీద ఉండిపోయే గుడ్డ ఇలాంటిదై ఉండాలి. దీన్ని ఆవిరిలో ఉడికించి మూసేశారు. లోపల ఒక్క క్రిమి లేదు. మూత ఊడిన క్షణం నుంచీ ఇది మామూలు గుడ్డ. పారేయడమే."

ఆమెకు చెవుల్లో జోరీగ దూరినట్టయింది. తన చేతుల వంక చూసుకుంది. చిటికెనవేలి గోటి కింద మైదాపిండి ఎండి తెల్లగా గీతలా ఉంది. ఇంకో చేతి గోటితో దాన్ని గీకడం మొదలుపెట్టింది.

"అమ్మా," అంది ఉండబట్టలేక. "ఒకసారి తెరిచినదాన్ని... ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అంటిస్తే?"

తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రీ దగ్గాడు.

"ఎందుకండీ అంత కష్టం?" అంది నర్సమ్మ. "మామూలు గుడ్డ అని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు, ఉడికించుకుంటాడు, ఆ రోజే దెబ్బతిన్నవాణ్ణి కొండ దింపుకుపోతాడు. శుభ్రమైనదని నమ్మించే కాగితంలో పెట్టారనుకోండి, మూడు రోజులు విప్పకుండా అలాగే ఉంచుతారు. నాలుగో రోజు విప్పితే వాసన డేరా బయటకు కొడుతుంది. నేను చూశాను అలాంటి కాలు. తెలిసి తెలిసి అంత నీచం ఎవరూ చెయ్యరులెండి."

"అయ్యోపిన్నికి వచ్చే అనుమానాలు ఎవరికీ రావు," అన్నాడు పొడుగు. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వబోయి, తల్లి గోళ్ళ వంక చూసి ఆగిపోయింది.

ఆ తరువాత నర్సమ్మ చెప్పినవి ఆమెకు సగం వినబడ్డాయి, సగం వినబడలేదు. కళ్ళ ముందు పొడుగుగాడి కాలివేళ్ళ సందులే కనబడుతున్నాయి. ఆ గుడ్డే, ఇస్త్రీ మడతల్లో, కూతురి ఒంటి మీద తెరుచుకున్న గాయంలో.

ఒక్కటి మాత్రం మనసుకు పట్టింది. గాయాన్ని అదిమి పట్టడం. చెయ్యి గుండెకన్నా ఎత్తున ఉంచాలి. గడియారం చూసి పది నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకూడదు. "ఆవిరి మీద ఉడుకుతున్న గిన్నె మూత మాటిమాటికీ తీస్తే ఏమవుతుంది?" అని నర్సమ్మ ఆమెనే అడిగింది. "ఉడకదమ్మా, మళ్ళీ మొదటికొస్తుంది," అంది ఆమె. "అంతే ఇదీనూ. కదిలితే మళ్ళీ సున్నా నుంచి లెక్క." ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి ముంజేయి ఒకరు అదిమి పట్టారు. నాలుగో నిమిషానికి ఒకడు గోక్కున్నాడు, ఆరో నిమిషానికి పొడుగు కిటికీలోంచి ఉమ్మడానికి లేచాడు. పదీ పూర్తిచేసింది ఆమె ఒక్కతే. కూతురి ముంజేతి మీద ఆమె నాలుగు వేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి.

చివర్లో అందరికీ నేర్చుకున్నట్టు రాసిన కాగితాలిచ్చింది నర్సమ్మ. ఆమె కాగితం వెనక తన ఫోను నంబరు రాసింది. "ఎంత దూరాన ఉన్నా సరే, సిగ్నలు దొరికితే చెయ్యండి. మీలా భయపడేవాళ్ళే నాకు కావాలి."

నర్సమ్మ సంచి తగిలించుకుని బస్సు ఆగే చోటుకు నడుస్తుంటే ఆమె కూడా గబగబా వెనకే బయలుదేరింది. షెడ్డు మూల దగ్గర కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి?"

"చెప్పొస్తానే. నేను ఉతికి పెట్టినవి మందుల పెట్టెల్లో పెట్టేశాడు మేస్త్రీ. వదులు."

"చెప్తే ఏమవుద్దో తెలుసా? రేపు ప్రయాణం ఆగిపోద్ది. మేస్త్రీ ఇక మనల్ని గడప తొక్కనిస్తాడా? మూడేళ్ళు, అమ్మా. మూడేళ్ళు కొమ్మలు లాగాను. భుజాలు చూడు. రేపు నాకు రంపం ఇస్తానన్నాడు."

"ఆ రంపం జారితేనో?"

"నీకు పొద్దున్న లేస్తే ఏదో ఒకటి జారుతూనే ఉంటది. ఏం కాదు. ఎన్నేళ్ళ నుంచి వెళ్ళట్లేదు? ఇలాంటి పెట్టె అవసరం పడిందా ఏనాడైనా?"

బస్సు వచ్చింది. ఆగింది. వెళ్ళింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

షెడ్డులో మేస్త్రీ ఉతికిన ప్యాకెట్లు చెరిసగం సర్దిన రెండు పెట్టెలకు తీగ దూర్చి, పటకారుతో సీసం బిళ్ళ నొక్కుతున్నాడు. ఒకటి వీళ్ళకు, ఒకటి అవతలి కొండకు వెళ్ళే రెండో ముఠాకు.

"మేస్త్రీగారూ, అవి తీసేయండి. కొత్తవి పెట్టండి. మీకు పుణ్యముంటుంది."

అతను తలెత్తలేదు. పటకారు గట్టిగా నొక్కి, బిళ్ళను బొటనవేలితో రాసి చూసుకున్నాడు. "ఏవి పిన్నీ?"

"నేను ఉతికినవి."

"అదీ. నువ్వు ఉతికినవి." ఇప్పుడు నవ్వుతూ ఆమె మొహంలోకి చూశాడు. "రేపు ఎవరన్నా అడిగితే ఇది ఎవరి చేతి పని అని చెప్పాలి నేను? ఆ మడతలు, ఆ అంటింపు, నా చేతికొస్తాయా?"

అతని పళ్ళ సందున ఏదో ఆకుపచ్చగా ఇరుక్కుని ఉంది. ఆమె దాని వంకే చూస్తూ నిలబడింది. అతని మీద పుట్టిన రోత, అతన్ని దాటి తన చేతుల దాకా వచ్చింది. తొట్టి దగ్గరకు వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆ పూట అన్నం కలపడానికి చెయ్యి రాక చెంచాతో తిని లేచింది.

*

మర్నాడు ఆరు గంటలు నడిచారు. వంటసామానుతోపాటు మందుల పెట్టె కూడా ఆమె వీపు మీదే. అడుగు వేసినప్పుడల్లా సీసం బిళ్ళ రేకుకు తగిలి టిక్కుమంటోంది. ముందు కూతురు నడుస్తోంది, భుజాన చిన్న రంపం. దాని పళ్ళకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగును దారి పొడుగునా చేత్తో తడిమి చూసుకుంటూనే ఉంది. వాగు దాటేటప్పుడు కూతురు జారింది. నిజంగా జారలేదు, ఆమె మనసులో జారింది. రాళ్ళ మీద పడింది, తొడుగు ఊడింది, రంపం మీద పడింది. ఆమె ఆగిపోయి ఊపిరి పీల్చుకుంది.

"ఏం పిన్నీ, మళ్ళీ ఎవరు చచ్చిపోయారు?" అన్నాడు వెనక నుంచి పొడుగు. "నేను కాదు కదా?"

"నీకేం రోగం. నీ కాళ్ళ కంపుకి చావు కూడా దగ్గరికి రాదు."

వాడు పగలబడి నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

డేరాలు వేశారు. తీగల కింద రెండు వైపులా పచ్చగా ఎదిగిపోయిన చెట్లు, మధ్యలో ఇనుప స్తంభాలు. ఒక స్తంభం పక్కనున్న మెరక మీదికి ఎక్కితే తప్ప సిగ్నలు అందదు. ముఠా అంతటికీ ఫోను ఒక్కటే, అది మేస్త్రీ చొక్కా జేబులో ఉంటుంది. మొదటి రోజు కూతురు కొమ్మలే లాగింది. రెండో రోజు పొద్దున్న ఆమె పొయ్యి మీద పప్పు గిన్నె పెట్టి ఉల్లిపాయలు తరుగుతుండగా మేస్త్రీ కేకేశాడు.

"రావే పిల్లా, నీ రంపం తీసుకురా. ముందు గొలుసు బిగించడం నేర్చుకో."

కూతురు పరుగున వెళ్ళింది. మొహం వెలిగిపోతోంది. ఆమె కత్తిపీట దగ్గర్నించి మెడ సాచి చూస్తోంది. మేస్త్రీ రంపాన్ని దుంగ మీద పెట్టాడు. తోలు చేతి తొడుగులు అతని నడుం పట్టీకి దోపి ఉన్నాయి. "ఇదిగో, ఈ మర ఇలా తిప్పాలి. గొలుసు ఇలా పట్టుకుని లాగి చూడాలి, వదులుందో లేదో..." ఉత్త చేత్తో లాగాడు. అది బిగుసుకుని ఉండి, ఒక్కసారిగా జారింది.

"అబ్బా!"

కుడి బొటనవేలి మొదట్లో, కండ ఉన్న చోట, నోరు తెరిచినట్టు తెరుచుకుంది. మొదట తెల్లగా కనబడి, వెంటనే ఎర్రగా నిండి, మోచేతి దాకా కారింది. మగవాళ్ళందరూ పని వదిలి చుట్టూ మూగారు గానీ ఎవరి చెయ్యీ కదల్లేదు. ఒకడు "నీళ్ళు, నీళ్ళు" అన్నాడు. ఎవరూ తేలేదు.

ఆమె పెట్టె పట్టుకుని వచ్చింది. ఎలా లేచిందో, ఎప్పుడు చేతులు కడుక్కుందో తెలియదు. రంపం ఎక్కడుందో చూసి కాలితో పక్కకు జరిపింది. మేస్త్రీని దుంగకు ఆనించి కూర్చోబెట్టింది. కత్తి మొన సీలు తీగలోకి దూర్చబోయింది.

"వద్దు!" అన్నాడు మేస్త్రీ. "అది తెరవకు. అందులోది వద్దు. నా సంచిలో... పై జేబులో చూడండి."

పొడుగు వెళ్ళి సంచి జిప్పు లాగాడు. ప్లాస్టిక్ కవరులో ఎనిమిది గాజుగుడ్డ ప్యాకెట్లు, కంపెనీ అంచు చెదరనివి, చేతి తొడుగులు, ఒక మందు సీసా. పొడుగు వాటి వంకా, సీలు వేసిన పెట్టె వంకా చూశాడు. వాడి దవడ నమలడం ఆగింది.

ఆమె తొడుగులు వేసుకుంది. ప్యాకెట్టు పర్రున చింపింది. గాజుగుడ్డ గాయం మీద పెట్టి, అతని చెయ్యి పైకెత్తి, తన రెండు అరచేతుల మధ్య అదిమి పట్టింది.

"టైమెంత?" అంది.

"తొమ్మిదీ పన్నెండు," అంది కూతురు చేతి గడియారం చూసి.

"పది నిమిషాలు. మేస్త్రీగారూ, కదలకండి. కదిలితే మళ్ళీ సున్నా నుంచి లెక్క."

వేళ్ళ కింద అతని నాడి కొట్టుకోవడం ఆమెకు తెలుస్తోంది. అతని చెమట వాసన, తడిసిన గుడ్డ వెచ్చదనం, ముక్కులో రక్తపు ఇనుప కంపు. కానీ చేతులు పట్టు వదల్లేదు. అది ఆమెకే వింతగా ఉంది.

"పెట్టెలోది ఎందుకొద్దన్నారు?" అంది.

"ఊరికే. సీలు పాడవుద్దని."

"నిజం చెప్పండి."

"ఇప్పుడా పిన్నీ ఇవన్నీ?" లేవబోయాడు. గుడ్డ అంచు నుంచి ఎర్రగా ఒక చుక్క కిందికి జారింది. అది చూసి తనే మళ్ళీ కూలబడ్డాడు.

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను," అంది ఆమె. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల్లోకి చూడలేదు, తన చేతుల వంకే చూస్తూ చెప్పింది. "ఆ పెట్టెలో ఉన్నవి నేను ఉతికినవి. మనం బొమ్మ నోరు తుడిచినవి, పొడుగూ, నీ కాలికి కట్టినవి. ఇస్త్రీ చేసి మైదాపిండితో అంటించాను. తప్పని తెలీక చేశాను. తెలిశాక కూడా నోరు మూసుకుని వీపు మీద మోసుకొచ్చాను."

పొడుగు కత్తి తీసుకుని సీలు తెంపాడు. పైనున్న ప్యాకెట్టు చింపాడు. ఎనిమిది మడతలూ చక్కగా విచ్చుకున్నాయి. ఎండలో లేత గులాబీ రంగు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"సబ్బు," అన్నాడు. గుడ్డ తిరగేసి, "ఇది నా కాలిదేనంటావా పిన్నీ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడు నోట్లో పొగాకు పక్కకు ఉమ్మేశాడు.

"నర్సమ్మే చెప్పిందిగా, ఏ గుడ్డయినా పనికొస్తుందని!" మేస్త్రీ గొంతు పెంచాడు. "ఎన్నేళ్ళ నుంచి పెట్టె గిట్టె లేకుండా చెయ్యలేదా మనం?"

"ఏ గుడ్డయినా సరే అయితే, నీకు ఆ ఎనిమిదీ ఎందుకు?" అంది ఆమె.

తాను 'నువ్వు' అన్నదని ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"రెండో ముఠా ఇలాంటి పెట్టెనే మోసుకుపోయింది," అంది మళ్ళీ. "వాళ్ళకి తెలీదు. నర్సమ్మకి చెప్పాలి. కాగితం నా సంచిలో ఉంది, వెనకాల నంబరుంది. ఫోను ఇవ్వు."

"ఆవిడకి ఫోను వెళ్ళిందా, పని ఆగిపోద్ది. కంపెనీ వాళ్ళు దిగుతారు. అందరూ ఇళ్ళకి పోవాలి." మేస్త్రీ ఆమెను వదిలి కూతురి వంక తిరిగాడు. "నువ్వు చెప్పు మీ అమ్మకి. రంపం వద్దా నీకు?"

కూతురు నేల మీద పడి ఉన్న రంపాన్ని చూసింది. గొలుసు మీద రక్తం అప్పుడే నల్లబడుతోంది, దాని మీద ఒక ఈగ వాలింది. ఆ పిల్ల వంగింది. రంపం తీస్తుందనుకుంది ఆమె. తీయలేదు. వంగి, మేస్త్రీ చొక్కా జేబులోకి చెయ్యి పెట్టి ఫోను తీసింది. అతని ఎడమ చెయ్యి లేచింది.

"ఆ చెయ్యి కదిపినా ఈ చెయ్యి కదులుద్ది," అంది ఆమె.

ఎడమ చెయ్యి గాల్లో కాసేపు ఆగి, మోకాలి మీదికి దిగింది. కూతురు చేతి గడియారం విప్పి పొడుగుకిచ్చింది. "టైము నువ్వు చూడు," అంది. తల్లి సంచిలోంచి కాగితం తీసుకుని మెరక వైపు నడిచింది. నాలుగడుగులు వేసి పరుగందుకుంది.

"మెల్లిగా ఎక్కవే, రాళ్ళున్నాయి!" అని అరిచింది ఆమె.

పొడుగు గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని దాని మీదికి వంగి నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తమ రంపాలు తెచ్చి దుంగ పక్కన పెట్టి కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు పెట్టమని.

"పది నిమిషాలూ అయ్యాయి పిన్నీ."

ఆమె తల తిప్పి చూసింది. మెరక సగంలో కూతురి నీలం చొక్కా పొదల మధ్య కనబడుతోంది, మాయమవుతోంది, మళ్ళీ కనబడుతోంది.

"పదీ అయ్యాయంటున్నాడుగా, వదులు," అన్నాడు మేస్త్రీ.

"ఇంకో అయిదు నిమిషాలు."

"రక్తం ఆగిపోయింది. నాకు తెలుస్తోంది."

"నాకూ తెలుస్తోంది," అంది ఆమె. చేతులు తీయలేదు.

ఇనుప స్తంభం పక్కన నీలం చొక్కా నిలబడింది. ఒక చెయ్యి చెవి దగ్గరకు వెళ్ళింది. కాసేపటికి రెండో చెయ్యి పైకి లేచి ఊగింది.

"అయ్యో," అన్నాడు మేస్త్రీ.

ఆమె చేతులు తీసింది. గుడ్డ ఎత్తలేదు, దాని మీదే ఇంకొకటి పెట్టి, నేర్చుకున్నట్టే మణికట్టు నుంచి వేళ్ళ వైపు తిప్పి కట్టింది. గోరు నొక్కి రంగు తిరిగి వస్తోందో లేదో చూసింది. టైము అడిగి కట్టు మీద పెన్నుతో రాసింది. "రేపటికల్లా కుట్లు పడాలి, మధ్యాహ్నానికి కిందికి బయలుదేరు," అంది. తొడుగులు ఊడదీసి, లోపలిది బయటకు తిప్పి, ముడి వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది పప్పు. మూత ఎగిరెగిరి పడుతోంది, పొంగి పొయ్యిలో పడి మాడు వాసన వస్తోంది. పట్టుకోవడానికి మసిగుడ్డ కోసం అటూ ఇటూ చూసింది. కనబడలేదు. పొడుగుగాడి చేతిలోని గులాబీ రంగు గాజుగుడ్డ లాక్కుని, నాలుగు మడతలు వేసి, గిన్నె అంచు పట్టుకుని దించింది.

ఆ పనికి బాగానే ఉంది గుడ్డ.